వెనక టైరు ఎంత లావుండాలి?

2017 ఆగస్టులో హార్లీ డేవిడ్‌సన్ కంపెనీ తన సాఫ్ట్‌టెయిల్ బళ్లన్నిటికీ కొత్త చట్రం వేసి, ఎనిమిది మోడళ్లను ఒక్కసారిగా మార్కెట్లోకి దించింది. ఇంజను అన్నిటికీ ఒకే జాతి, మిల్వాకీ-ఎయిట్. చట్రం మూలమూ ఒకటే. వెనక టైరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం దారులు చీలిపోయాయి. స్ట్రీట్ బాబ్, హెరిటేజ్‌లకు 150 మిల్లీమీటర్ల టైరు. ఫ్యాట్ బాబ్‌కు 180. ఫ్యాట్ బాయ్‌కూ బ్రేకవుట్‌కూ ఏకంగా 240.

షోరూములో వరసగా నిలబెడితే ముందు కళ్లు పడేది 240 మీదే. వెనక నుంచి చూస్తే బండికి అదొక నిండుదనం. అంత రబ్బరు రోడ్డును పట్టుకుని ఉంటే మలుపుల్లో బండి ఎంత గట్టిగా నిలుస్తుందో అనిపించడం సహజం. కారు విషయంలో ఆ ఊహ చాలావరకు నిజం కూడా. రెండు చక్రాల బండి దగ్గరికి వచ్చేసరికి అది తిరగబడుతుంది. కంపెనీ ప్రకటించిన అంకెల్లోనే ఆ సంగతి కనిపిస్తుంది. బ్రేకవుట్ పక్కకు సుమారు 27 డిగ్రీలు వాలేసరికి కిందిభాగం రోడ్డును రాసుకుంటుంది. ఫ్యాట్ బాబ్ 30 డిగ్రీలు దాటి వాలగలదు. లావు టైరున్న బండికి ఎక్కువ వాలాల్సిన అవసరం. వాలడానికి ఉన్న చోటు మాత్రం తక్కువ. ఈ అధ్యాయమంతా ఆ చిక్కు గురించే.

ముందు మోటార్ సైకిల్ అసలెలా తిరుగుతుందో చూడాలి. కారు స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలు తిరుగుతాయి, కారు తిరుగుతుంది, టైరు దాదాపు నిటారుగానే ఉంటుంది. అందుకే కారు టైరు అడుగు బల్లపరుపుగా ఉన్నా ఇబ్బంది లేదు. మోటార్ సైకిల్ వాలితే తప్ప తిరగదు. టీ తాగి పడేసిన పేపర్ గ్లాసును బల్ల మీద పక్కకు పడుకోబెట్టి వేలితో ఒక్క తోపు తోస్తే అది నేరుగా పోదు, గుండ్రంగా తిరుగుతుంది. గ్లాసు ఒక చివర వెడల్పు, మరో చివర సన్నం కావడమే కారణం. వాలిన టైరు కూడా అంతే. మధ్యభాగం చుట్టుకొలత ఎక్కువ, అంచు చుట్టుకొలత తక్కువ. వాల్చగానే టైరు తనంతట తానే మలుపు లోపలివైపు లాగుతుంది. ఇంజనీర్లు దీన్ని క్యాంబర్ థ్రస్ట్ అంటారు. మోటార్ సైకిల్ మలుపు తిరగడానికి కావలసిన బలంలో పెద్ద వాటా దీనిదే. అందుకే బైకు టైరును అడ్డంగా కోసి చూస్తే అర్ధచంద్రాకారంలో ఉంటుంది.

ఇప్పుడు లెక్క. ఒక మలుపులో ఎంత వేగంతో పోతే ఎంత వాలాలో చెప్పే సూత్రం సులువైనదే: వేగం వర్గాన్ని మలుపు వ్యాసార్థంతోనూ గురుత్వ త్వరణంతోనూ భాగిస్తే వాలు కోణం టాంజెంట్ వస్తుంది. బండి బరువు ఎంతైనా ఆ కోణం మారదు. అయితే ఈ సూత్రం టైరుకు మందమే లేనట్టు, కత్తి అంచులా నేలను తాకుతున్నట్టు భావించి రాసినది. నిజమైన టైరుకు మందం ఉంది. బండి వాలినప్పుడు నేలకు ఆనే చోటు టైరు మధ్యలో ఉండిపోదు, వాలినవైపుకు జరుగుతుంది. టైరు ఎంత లావుంటే అంత ఎక్కువ జరుగుతుంది. అలా జరిగిన చోటు బండిని కిందనుంచి తిరిగి పైకి నెడుతుంది. ఆ నెట్టుడును సరిచేయడానికి బండిని ఇంకాస్త వాల్చాలి. ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయంలో మోటార్ సైకిల్ చలన శాస్త్రాన్ని జీవితమంతా బోధించిన విత్తోరె కొస్సాల్తెర్ తన పుస్తకంలో ఈ అదనపు వాలుకు సూత్రం ఇచ్చాడు. టైరు మందం, బండి గరిమనాభి ఎత్తు, సూత్రం చెప్పే వాలు కోణం, ఈ మూడూ తెలిస్తే చాలు.

అంకెలు వేసి చూద్దాం. మనిషితో కలిపి గరిమనాభి నేలకు 55 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుందాం, పైన చెప్పిన హార్లీల్లాంటి క్రూయిజర్లకు ఇది అసాధ్యమైన అంకె కాదు. మలుపు వేగం 25 డిగ్రీల వాలు అడుగుతోంది. 150 టైరుతో బండి దాదాపు 29 డిగ్రీలు వాలాలి. 240 టైరుతో దాదాపు 32. రెండు చక్రాలూ ఒకే మందం అనుకుని వేసిన లెక్క ఇది. ముందు టైరు సన్నదైతే తేడా కొంత తగ్గుతుంది, పోదు.

మూడు డిగ్రీలే కదా అనిపించవచ్చు. స్పోర్ట్స్ బైకుకు 45 డిగ్రీల దాకా చోటుంది కాబట్టి మూడు డిగ్రీలు అక్కడ చిన్న సంగతి. క్రూయిజర్‌కు ఉన్నదే 27 నుంచి 31 మధ్య. 40 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు తీసుకుని ఇదే లెక్క తిరిగి వేస్తే, 240 టైరుతో 27 డిగ్రీల దగ్గర నేలను రాసుకునే బండి గంటకు సుమారు 44 కిలోమీటర్ల వేగానికే హద్దు చేరుతుంది. 180 టైరుతో 31 డిగ్రీల దాకా వాలగల బండి 50 దాకా పోగలదు. ఘాట్ రోడ్డులో ఆరు కిలోమీటర్ల తేడా అంటే పెద్ద తేడా. పైగా ఇది ఎవరు తొందరగా పోతారన్న పోటీ కాదు. అనుకున్నదానికన్నా మలుపు బిగుసుకుపోయినప్పుడు, ఎదురుగా బస్సు గీత దాటి వచ్చినప్పుడు, ఇంకొంచెం వాల్చడానికి మిగిలి ఉండాల్సిన చోటు అది. ఆ చోటు అయిపోయాక ఫుట్‌బోర్డు, తర్వాత సైలెన్సర్, తర్వాత చట్రం రోడ్డును తాకుతాయి. చట్రం తాకిందంటే వెనక చక్రం మీది బరువు లేచిపోతుంది. అప్పుడు టైరు ఎంత లావుదైనా చేయగలిగింది లేదు.

మరి గ్రిప్పు సంగతేమిటి? లావు టైరు కొనేవాళ్లందరి నోటా వినిపించే మాట అదే కాబట్టి కాస్త ఆగి చూడాలి. టైరు నేలకు ఆనే మచ్చ వైశాల్యాన్ని ముఖ్యంగా నిర్ణయించేవి రెండు: పైనున్న బరువు, లోపలి గాలి పీడనం. వెనక చక్రం మీద 200 కిలోల బరువు ఉండి, టైరులో 36 పీఎస్‌ఐ గాలి ఉంటే ఆ మచ్చ దాదాపు 80 చదరపు సెంటీమీటర్లు. 150 టైరైనా, 240 టైరైనా గాలి ఒకటే అయితే వైశాల్యం ఇంచుమించు అంతే. మారేది ఆకారం. సన్న టైరు మచ్చ సన్నగా, పొడుగ్గా ఉంటుంది. లావు టైరు మచ్చ పొట్టిగా, అడ్డంగా ఉంటుంది. ఘర్షణ బలం తాకే వైశాల్యం మీద ఆధారపడదని 1699లో ఫ్రాన్స్‌లో గిలోమ్ అమొంటొన్ చెప్పిన సూత్రం రబ్బరుకు పూర్తిగా వర్తించదు, రబ్బరు స్వభావం వేరు. అయినా ఇక్కడ వైశాల్యమే పెద్దగా పెరగలేదు కాబట్టి ఆ వాదనతో పనిలేదు.

అసలు సంగతి ఇంకొకటుంది. ఎండిన మంచి తారు రోడ్డు మీద మంచి టైరు ఘర్షణ గుణకం ఒకటికి దగ్గరగా ఉంటుంది. అంటే సిద్ధాంతం ప్రకారం 45 డిగ్రీల దాకా జారకుండా వాలొచ్చు. క్రూయిజర్ ఫుట్‌బోర్డు రోడ్డును రాసుకునే సమయానికి అది వాడుకుంటున్నది అందులో సగమే. మిగతా సగం ఉన్నా, వాడుకునే వీలు బండికి లేదు. వాడుకోలేని గ్రిప్పును ఇంకా పెంచుకోవడానికి డబ్బు పెట్టి, ఉన్న కొద్దిపాటి వాలును పోగొట్టుకోవడం మంచి బేరం కాదు.

అలాగని లావు టైరుకు ప్రయోజనమే లేదనడం తప్పు. బలమైన ఇంజను నుంచి వచ్చే టార్క్‌ను నేరుగా వెళ్లేటప్పుడు రోడ్డుకు అందించడంలో అది మేలు. బరువు మోయడానికీ మేలు. స్పోర్ట్స్ బైకులు 180, 190, 200 మిల్లీమీటర్ల టైర్లు వాడేది అందుకే. మలుపు మధ్యలో వాలి ఉండగానే 150కి పైగా హార్స్ పవర్‌ను వెనక చక్రం మీదికి వదిలితే అక్కడ పుట్టే వేడినీ ఒత్తిడినీ తట్టుకునేంత రబ్బరు కావాలి. క్రూయిజర్ నడిపే మనిషి ఆ పని చేయడు.

అయితే ఈ లావు ఎక్కడ నుంచి వచ్చింది? చాలావరకు అందం నుంచి, ముఖ్యంగా అమెరికా చాపర్ల మోజు నుంచి. 2002, 2003 ప్రాంతంలో డిస్కవరీ ఛానల్లో 'మాన్‌స్టర్ గ్యారేజ్', 'అమెరికన్ చాపర్' కార్యక్రమాలు మొదలయ్యాయి. షెడ్డులో ఇనుము వంచి బండి తయారుచేసే మనుషులు ఇంటింటికీ తెలిసిన పేర్లయ్యారు. విచిటాలోని బిగ్ డాగ్, ఫోర్ట్ వర్త్‌లోని అమెరికన్ ఐరన్‌హార్స్ లాంటి కంపెనీలు అదే రూపాన్ని ఫ్యాక్టరీలో తయారుచేసి అమ్మాయి. ముందు సన్నని 21 అంగుళాల చక్రం, వెనక 250, 280, 300 మిల్లీమీటర్ల టైరు. అవాన్, మెట్జెలర్ కంపెనీలు ఆ కొలతల టైర్లు ప్రత్యేకంగా పోశాయి. పెద్ద కంపెనీలు చూస్తూ ఊరుకోలేదు. ట్రయంఫ్ రాకెట్ త్రీ 240తో, విక్టరీ హామర్ 250తో, సుజుకీ ఎం109ఆర్ 240తో వచ్చాయి. 2007లో హార్లీ వి-రాడ్‌కు కూడా 240 వచ్చింది. ఆ తర్వాత ఆర్థిక మాంద్యం దెబ్బకు ఐరన్‌హార్స్ 2008లోనూ, బిగ్ డాగ్ 2011లోనూ మూతపడ్డాయి. 300 టైరు మోజు సన్నగిల్లింది గాని 240 నిలిచిపోయింది.

ఆ చాపర్లు కట్టినవాళ్లకు తమ పని కష్టం బాగా తెలుసు. వెనక టైరు లావైతే చైను గానీ బెల్టు గానీ దాన్ని రాసుకుంటుంది. దాన్ని పక్కకు జరపాలి. జరిపితే గేర్‌బాక్సు, ఒక్కోసారి ఇంజను కూడా ఎడమవైపు జరగాలి. అప్పుడు బండి బరువు ఒక పక్కకు తూగుతుంది. ఈ చిక్కు తీర్చడానికే మిషిగన్ రాష్ట్రంలోని బేకర్ సంస్థ చివరి పుల్లీని కుడివైపు పెట్టే గేర్‌బాక్సు తయారుచేసింది. ఒక్క టైరు లావు చేసినందుకు గేర్‌బాక్సునే తిరగేయాల్సి వచ్చిందన్నమాట. 2009లో హార్లీ తన టూరింగ్ బళ్ల వెనక టైరును పాత 16 అంగుళాల సన్న కొలత నుంచి 180/65కు పెంచినప్పుడు కూడా టైరొక్కటే మార్చి ఊరుకోలేదు. చట్రం కొత్తది, స్వింగార్మ్ కొత్తది, టైరు రబ్బరు కూడా మధ్యలో గట్టిది, అంచుల్లో మెత్తది. ఫ్యాక్టరీ ఒక కొలత మార్చిందంటే దాని వెనక ఇంకో పది మార్పులుంటాయి. పక్కవీధి టైరు షాపులో ఆ పదీ జరగవు.

లావు టైరు నడిపేవాడికి మలుపులో ఎలా తెలుస్తుంది? ముందుగా హ్యాండిల్ బరువెక్కుతుంది. మోటార్ సైకిల్‌ను ఎడమకు వాల్చాలంటే ఎడమ హ్యాండిల్‌ను ముందుకు నెట్టాలి. మామూలు బండిలో ఒక్కసారి నెట్టి వాల్చాక అది అదే కోణంలో నిలుస్తుంది, చేతులు ఖాళీ. లావు టైరు బండి నిటారుగా లేవాలని చూస్తూనే ఉంటుంది. మలుపంతా ఆ నెట్టుడు వదలకూడదు. కొన్ని గంటల కొండదారి తర్వాత భుజాలు ఆ లెక్క చెబుతాయి. ముందు టైరు 90 మిల్లీమీటర్లు, వెనక 200 ఉన్న హోండా ఫ్యూరీ లాంటి బళ్లలో ఇంకో సంగతి కలుస్తుంది. వాలినప్పుడు వెనక టైరు ఆనే చోటు పక్కకు బాగా జరుగుతుంది, ముందుది కాస్తే జరుగుతుంది. రెండు చోట్లనూ కలిపే గీత బండి నడిమి గీతకు సమాంతరంగా ఉండదు. ముందూ వెనకా రెండూ ఒకే దారిలో పోతున్నాయన్న నమ్మకం చేతికి తగ్గుతుంది.

ఈ స్వభావాన్ని దాని చివరి హద్దులో చూడాలంటే అమెరికాలో కొందరు హోండా గోల్డ్ వింగ్ యజమానులు చేసే పని చూడాలి. వెనక 180/60 బైకు టైరు త్వరగా అరిగిపోతోందని దాని స్థానంలో కారు టైరు వేయిస్తారు. ఆ పద్ధతికి వాళ్లలో 'డార్క్‌సైడ్' అని పేరు. కారు టైరు అడుగు బల్లపరుపు. బండి వాలినప్పుడు అది మధ్యనుంచి అంచుకు సాఫీగా దొర్లదు, అంచు మీదికి ఎక్కుతుంది. టైరు చాలా ఎక్కువ దూరం వస్తుందని వాళ్లు చెప్పేది నిజమే. మలుపులో బండిని బలవంతంగా పట్టుకుని ఉండాల్సి రావడమూ నిజమే. కంపెనీలు వద్దంటాయి, వద్దనడంలో న్యాయముంది.

రోడ్డు బాగోలేనప్పుడు లావు టైరు మరో మొండితనం చూపిస్తుంది. తారు కొత్తగా వేయడానికి పాత పొరను గీరిన చోట్ల పొడుగు గాళ్లు పడతాయి. సిమెంటు రోడ్డు పలకల మధ్య సందులుంటాయి. లారీ చక్రాలు నొక్కిన చోట తారు ఒక పక్క ఉబ్బుతుంది. లావు టైరు ఒక అంచు అలాంటి గట్టు మీదికి ఎక్కగానే బరువంతా ఆ అంచు మీదికి జరుగుతుంది. నడిపేవాడు ఏమీ చేయకుండానే బండి పక్కకు లాగుతుంది. సన్న టైరు మీద కూడా ఇది జరుగుతుంది, కాని జరిగే దూరం తక్కువ కాబట్టి హ్యాండిల్ దాకా వచ్చేసరికి చిన్న కదలికగా మిగులుతుంది. వానలో నీటి పొర మీద టైరు తేలడం గురించి నాసా శాస్త్రజ్ఞుడు వాల్టర్ హోర్న్ 1963లో ఇచ్చిన సూత్రం గాలి పీడనం మీదే ఆధారపడింది. 36 పీఎస్‌ఐకి అది చెప్పే వేగం గంటకు దాదాపు 100 కిలోమీటర్లు. గుండ్రటి బైకు టైరు నీటిని బాగానే చీలుస్తుంది కాబట్టి మామూలుగా అంత భయం లేదు. అయితే మచ్చ ఎంత పొట్టిగా, అడ్డంగా ఉంటే నీరు పక్కకు పోవడానికి అంత కష్టం. ఆ పోటీలో 150 టైరుదే పైచేయి.

ఇంతా చదివాక డుకాటి డియావెల్ సంగతేమిటని బైకులు తెలిసినవాళ్లు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. 2010లో మిలాన్ ప్రదర్శనలో కనిపించిన ఆ బండికి వెనక టైరు 240. అయినా 41 డిగ్రీలు వాలగలదు, మలుపుల్లో దాని చురుకును పరీక్షించినవాళ్లు చాలామంది మెచ్చుకున్నారు. పిరెల్లీ దాని కోసం 240/45 కొలతలో టైరును విడిగా తయారుచేసింది. పక్క గోడ ఎత్తును సూచించే చివరి అంకె 40కి బదులు 45 కావడం చిన్న తేడాగా కనిపిస్తుంది గాని, పక్క గోడ ఎత్తుగా ఉంటే టైరు నడినెత్తిని ఇంకాస్త గుండ్రంగా పోయవచ్చు. నడినెత్తి ఎంత గుండ్రంగా ఉంటే టైరు అంత సాఫీగా వాలుకు దిగుతుంది. పైగా ఆ బండి ఫుట్‌రెస్టులు ఎత్తున, వెనక్కి ఉన్నాయి. కింద త్వరగా రాసుకునేది ఏమీ లేదు. వెడల్పు కన్నా ఆకారం ముఖ్యమని, ఆకారం కన్నా మొత్తం బండి కూర్పు ముఖ్యమని డియావెల్ చూపించింది. 240 మంచిదని మాత్రం చూపించలేదు. అదే బండికి 190 టైరు వేసి తయారుచేసి ఉంటే ఇంకా సులువుగా తిరిగేదన్నది లెక్క చెప్పే మాట.

మన దేశంలో ఎక్కువమంది నడిపే క్రూయిజర్లు ఇంతకన్నా వినయమైన కొలతల్లోనే ఉన్నాయి, అది మన అదృష్టం. బజాజ్ అవెంజర్ 220 వెనక టైరు 130/90-15. రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియోర్ 350ది 140/70-17, సూపర్ మీటియోర్ 650ది 150/80-16. క్లాసిక్ 350 క్రూయిజర్ కాకపోయినా మనవాళ్లు దాన్నీ అలాగే వాడతారు, దానికి 120/80-18. నల్లమల దాటి శ్రీశైలం వెళ్లే దారికీ, అనంతగిరి మీదుగా అరకు ఎక్కే దారికీ ఈ కొలతలు చక్కగా సరిపోతాయి. గంటకు 40, 50 కిలోమీటర్ల వేగంతో ఒక మలుపు నుంచి ఇంకో మలుపుకు బండిని ఇటూ అటూ మార్చి వాల్చాల్సిన దారులవి. అక్కడ చేతికి తేలిగ్గా వచ్చే బండే మంచి బండి.

అయినా క్లాసిక్‌కు 140 వేయించే కుర్రాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్లు టైరు మీది అంకెలు చదువుతారు, రిమ్ము మీది అంకెలు చదవరు. టైరు పక్క గోడ మీద 140/70-18 అని ఉంటే వెడల్పు 140 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ము వ్యాసం 18 అంగుళాలు. ఆ పక్కనే మరో రెండంకెలు, ఒక అక్షరం ఉంటాయి. 66హెచ్ అంటే ఆ టైరు 300 కిలోల దాకా మోయగలదు, గంటకు 210 కిలోమీటర్ల దాకా తట్టుకోగలదు. ఇవన్నీ టైరు చెప్పే మాటలు. రిమ్ము లోపలి వెడల్పును రిమ్ము మీదే అంగుళాల్లో కొట్టి ఉంచుతారు, 2.75 అనో 3.50 అనో. 140/70 కొలత టైరుకు మామూలుగా 3.5 అంగుళాలకు తగ్గని రిమ్ము కావాలి. 120 కోసం తయారైన సన్న రిమ్ముకు దాన్ని ఎక్కిస్తే రెండు అంచులూ లోపలికి నొక్కుకుపోతాయి. నడినెత్తి కోసుగా లేస్తుంది. అసలు వెడల్పు 140 కూడా రాదు. నేలను ఆనే మచ్చ ఇరుకవుతుంది, మధ్యభాగం తొందరగా అరిగిపోతుంది, గోడలు తమ కోణంలో లేక వాలినప్పుడు టైరు ఊగుతుంది. వెడల్పు కోసం డబ్బు పెట్టి ఇరుకు కొన్నట్టవుతుంది.

ఎత్తు సంగతి ఇంకా తక్కువమంది చూస్తారు. 120/80-18 స్థానంలో 130/80-18 వేస్తే టైరు వ్యాసం 16 మిల్లీమీటర్లు పెరుగుతుంది. బండి వెనకభాగం 8 మిల్లీమీటర్లు లేస్తుంది, ముందు ఫోర్కు కోణం ఒక డిగ్రీలో మూడో వంతు నిటారవుతుంది. మలుపు తిప్పడం కొద్దిగా తేలికవుతుంది, నేరుగా పోయేటప్పుడు నిలకడ కొద్దిగా తగ్గుతుంది. గేరు రెండున్నర శాతం పొడుగవుతుంది, పికప్ తగ్గినట్టు అనిపిస్తుంది. ఒక్కోసారి టైరు వెడల్పయినందుకు బండి మారిందనుకునేది నిజానికి టైరు ఎత్తయినందుకు మారి ఉంటుంది.

దీనికన్నా పెద్ద పొరపాటు ఇంకొకటి జరుగుతుంటుంది. లావు టైరు వేయించాక బండి మలుపుల్లో అద్భుతంగా తిరుగుతోందని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కారణం మాత్రం వేరు. హైవే మీద పదిహేను వేల కిలోమీటర్లు నేరుగా తిరిగిన టైరును చేత్తో తడిమి చూస్తే తెలుస్తుంది. ఒక అంచు నుంచి రెండో అంచుకు అరచేతిని మెల్లగా జరపాలి. కొత్త టైరు మీద చెయ్యి ఎక్కడా ఆగకుండా గుండ్రంగా జారుతుంది. అరిగిన టైరు మీద మధ్యలో మూడు నాలుగు వేళ్ల మేర బల్లపరుపు తగులుతుంది, అది ముగిసే చోట రెండు వైపులా వేలికి ఒక గట్టు తగులుతుంది. మలుపులో బండి ఆ గట్టు దాకా వాలనని మొరాయిస్తుంది, గట్టు దాటగానే ఒక్కసారిగా పడుతుంది. ఈ టైరు తీసి కొత్తది ఏ కొలతలో వేసినా బండి ప్రాణం లేచొచ్చినట్టే ఉంటుంది. అదే కొలత కొత్త టైరు వేసి ఉంటే ఇంకా బాగుండేదన్న సంగతి పోల్చి చూసే అవకాశం ఎవరికీ రాదు. అందుకే టైరు మార్చుదామనిపించినప్పుడు ముందు చెయ్యాల్సింది ఈ తడిమి చూడటమే.

రెండోది గాలి. బండి మీద అతికించిన కాగితంలో ఒంటరిగా వెళ్లడానికి ఒక అంకె, వెనక మనిషి ఉంటే మరో అంకె ఉంటాయి. టైరు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాల్సిన అంకెలవి. గాలి నాలుగైదు పీఎస్‌ఐ తగ్గితే సరైన టైరు కూడా లావు టైరులాగే మొండికేస్తుంది. ఇది ఉచితంగా దొరికే హ్యాండ్లింగ్, దీనిని వదిలేసి వేల రూపాయల టైరు మీద ఆశ పెట్టుకోవడం విచారకరం.

ఇవి చూశాక కూడా కొత్త టైరు కావాలంటే, కంపెనీ ఇచ్చిన వెడల్పులోనే ఉండటం మంచిది. ఎంచుకోవడానికి ఆ వెడల్పులోనే బోలెడుంది. ఒకే కొలతలో రెండు కంపెనీల టైర్లను పక్కపక్కన పెట్టి పైనుంచి చూస్తే ఒకటి కోసుగా, ఒకటి చదునుగా కనిపిస్తుంది. కొండదారులు ఎక్కువ తిరిగేవాళ్లకు గుండ్రటిది, హైవే ఎక్కువ తిరిగేవాళ్లకు మధ్యలో గట్టి రబ్బరున్నది. ముందు, వెనక టైర్లు ఒకే తరహావి కావాలి. ఒకటి రేడియల్, ఒకటి బయాస్ అయితే రెండింటి స్పందన రెండు రకాలుగా ఉంటుంది. మోసే బరువు సూచించే అంకె పాతదానికన్నా తగ్గకూడదు, క్రూయిజర్‌లో వెనక కూర్చునే మనిషీ, సామానుల సంచులూ అన్నీ ఆ చక్రం మీదే కాబట్టి.

ఒక మెట్టు పెంచి తీరాలని మనసు పట్టుబడితే 10 మిల్లీమీటర్ల దగ్గర ఆగాలి, అదీ రిమ్ము వెడల్పు ఒప్పుకుంటేనే. టైరు ఎక్కించాక చైనుకూ స్వింగార్మ్‌కూ మడ్‌గార్డుకూ మధ్య ఎంత సందు మిగిలిందో బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి, చక్రం తిప్పుతూ చూడాలి. వేగంలో టైరు కొద్దిగా ఉబ్బుతుంది, వెనక మనిషి ఎక్కినప్పుడు సస్పెన్షన్ దిగుతుంది, చైను బిగించినప్పుడు చక్రం వెనక్కి జరుగుతుంది. నిలబెట్టిన బండిలో చిటికెనవేలు కూడా దూరనంత సందు ఉంటే ఆ టైరు ఆ బండిది కాదు.

కొన్న టైరు పక్క గోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. షాపులోనే చదివి తీసుకోవాలి. టైరు ఏదైనా, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పైపొర నునుపు పోయేదాకా, మొదటి 150 కిలోమీటర్లు బండిని మెల్లగా, ప్రతి మలుపుకూ కాస్త కాస్త వాలు పెంచుకుంటూ నడపాలి.